సగం పాటకే లేచిన జనం

జనగామలో బస్టాండుకు పోయే తోవలో, ఒక మందుల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కితే మా రికార్డింగ్ గది ఉండేది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు. కిటికీకి ఇంకో బొంత. ఎండకాలం లోపల కూర్చున్న మనిషి ఉడికిపోవాల్సిందే. ఫ్యాను వేస్తే దాని చప్పుడు పాటలోకి వస్తుంది కాబట్టి పాట అయ్యేదాకా ఫ్యాను బందు. ఫోనులోనే పాడి ఫోనులోనుంచే లోకానికి పంపే మీకు ఇదంతా నవ్వులాటగా ఉంటుంది. నవ్వండి, తప్పు లేదు. నేనూ ఆ గదిలో చాలా నవ్వాను. ఒక్క ముచ్చట మాత్రం ఇన్నేళ్లయినా నవ్వు రానియ్యదు. అది చెప్పుదామనే ఇవ్వాళ కూర్చున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం, వానకాలం వచ్చిందంటే మంచం మీదే. మా నాయిన డోర్నకల్ జంక్షన్లో రైల్వే పని చేసేవాడు. అమ్మ బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. నాయిన డ్యూటీ దిగి వచ్చి లెక్కలు చెప్పేవాడు. హార్మోనియం తాత చేతి కింద. చెవిని మాత్రం రైళ్లే సాన పట్టాయి. వచ్చేది గూడ్సా ప్యాసింజరా, ఆగేదా ఆగకుండా పోయేదా, కళ్లు మూసుకొని చెప్పేదాన్ని. ఆ చెవిని ఇచ్చినందుకు రోజూ పొద్దున మిషను స్విచ్చి వేసే ముందు దేవునికి మనసులోనే ఒక మాట చెప్పుకునేదాన్ని. ఆ వెంటనే మా ఓనరు కోసం ఇంకో మాట. ఆయన పెళ్లిళ్లకు మైకులు కిరాయికిచ్చే మనిషి, ఆ తర్వాతే రికార్డింగు పెట్టాడు. ఆడమనిషిని మిషను ముందు కూర్చోబెడితే గిరాకీ పోతుందని నలుగురూ చెబితే, చెవుల్లో ఆడ చెవులు మగ చెవులు ఉంటయా అని వాళ్లనే మెట్లు దింపాడు. ఆయనను అన్నా అనే పిలిచేదాన్ని. ఆయన నాకంటే చిన్న.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులవి. గదికి తీరుబడి లేదు. పొద్దున ఒకరు పాట రాసుకొని వచ్చేవారు, మధ్యాహ్నానికి పాడేవారు, సాయంత్రానికి అది జీపు మీద మోగుతూ ఊళ్లు తిరిగేది, ధూంధాం అనే ఆటపాటల సభల్లో జనాన్ని లేపేది. సినిమాల్లో మా మాటను నవ్వుకోవడానికే వాడిన కాలం చూసినవాళ్లం మేం. అదే మాట ఇప్పుడు మైకులో రొమ్ము విరుచుకొని మోగుతుంటే, మాటే మా ఆస్తి అనిపించేది. మా గదిలో పాట అంటే మాట, రాగం దాన్ని మోసే కావడి. అట్లాంటి రోజుల్లో, ఒక్క మాట కూడా లేని పాట పట్టుకొని ముగ్గురు పిల్లలు మెట్లెక్కి వచ్చారు.

గిటారు వాయించే అబ్బాయిది భూపాలపల్లి, తండ్రి బొగ్గుబాయిలో కార్మికుడు. డ్రమ్ములు కొట్టే అబ్బాయిది దంతాలపల్లి పక్కన తండా. కీబోర్డు అమ్మాయిది జఫర్‌గఢ్, జనగామలో నర్సు ట్రైనింగు చేస్తుండేది. ముగ్గురూ హనుమకొండలో చదువుకునేటప్పుడు కలిశారట. బ్యాండుకు పేరు ఇంకా కుదరలేదు. పేరు కోసం ముగ్గురూ కొట్లాడుకుంటుంటే మా ఓనరు బోర్డు మీద తేదీ పక్కన "మూగ బ్యాండు" అని రాసేశాడు. ఆ పేరే గదిలో ఉండిపోయింది. వాళ్లు అలగలేదు. ఒకరోజు డ్రమ్ము అబ్బాయే ఫోను చేసి, అక్కా మూగోళ్లం మాట్లాడుతున్నం, ఇవాళ గది ఖాళీ ఉందా అని అడిగాడు.

ఇట్లాంటి సంగీతాన్ని పోస్ట్ రాక్ అంటారని కీబోర్డు అమ్మాయి ఓపికగా చెప్పింది. పోస్ట్ అంటే తర్వాత అని అర్థమట. రాక్ అంటే ఏందో మాకు తెల్వకముందే దాని తర్వాతది తెచ్చిండ్రా బిడ్డా అన్నాడు ఓనరు.

ఆ పాట ఎట్లుండేదో చెప్పడం కష్టం. మొదట గిటారు మీద దూరంగా ఒక కూత. భూపాలపల్లిలో షిఫ్టు మారేటప్పుడు బాయి సైరన్ ఊరవతల పొలాల్లో ఎట్లా వినపడుతుందో అట్లా అని ఆ అబ్బాయి చెప్పాడు. దాని కింద కీబోర్డు, తెల్లవారుజామున నేలను అంటిపెట్టుకున్న మంచు లాగ. డ్రమ్ముల మీద కర్రలు కాదు, ఒట్టి అరచేతులు. చాలాసేపు ఏమీ జరగదు. ఏదో వస్తుంది వస్తుంది అనిపిస్తుంది, రాదు. అట్లా సన్నబడి సన్నబడి చివరికి అన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం కొంతసేపు. ఆ తర్వాత ముగ్గురూ ఒక్కసారి అందుకుంటారు, గోడ కూలినట్టు. అక్కడినుంచి అసలు పాట.

మొదటిసారి విని, ఇది పాట ముందు వచ్చేది గద నాయనా, పాటేది అని అడిగాను. పాట ఇదే అక్కా అన్నాడు గిటారు అబ్బాయి. రెండోసారి విన్నాక మళ్లీ అడగలేదు. మా మందిరంలో ప్రార్థన అయ్యాక, కీర్తన ఎత్తుకునే ముందు, కొద్దిసేపు ఎవరూ మాట్లాడరు. దగ్గు వచ్చినా ఆపుకుంటారు. చిన్నప్పటినుంచీ ఆరాధన మొత్తంలో నాకు ఆ కొద్దిసేపే ఎక్కువ ఇష్టం. ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్లలు ఆ కొద్దిసేపును పట్టుకొని బట్ట లాగ పొడవునా పరిచినట్టు అనిపించింది.

ఉద్యమ పాటల నడుమ దొరికిన సందుల్లో సగం రికార్డు చేశాం, నిశ్శబ్దం దాకా. ఆ మీది భాగం ఆగిపోయింది. మా పక్క మేడలో కాన్పుల దవాఖాన ఉండేది. పెద్ద చప్పుడు చేయాలంటే వాళ్లను అడిగి, వీలు చూసుకొని చేయాలి. అంతలో సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గుబాయిలు అన్నీ బందు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. సమ్మె అయినంక చేద్దాం అనుకున్నాం. ఆ రెండో భాగాన్ని వాళ్లు జఫర్‌గఢ్‌లో ఆ అమ్మాయివాళ్ల పొలం దగ్గరి మోటారు కొట్టంలో సాధన చేసుకునేవారు. నేను వినలేదు. సమ్మె అయినంక వింటాను గద అనుకున్నాను.

బాయి బందయింది కాబట్టే గిటారు అబ్బాయి తండ్రికి జనగామ దాకా వచ్చే తీరిక దొరికింది. ఏళ్ల తరబడి బాయిలో పని చేసి చెవులు కొంత మందగించిన మనిషి, గట్టిగా మాట్లాడేవాడు. కొడుకు కోసం ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరుతో పని మాట్లాడి పెట్టాడు. సమ్మె ముగియగానే చేరాలి. కొడుకేమో హైదరాబాదు పోయి బ్యాండు నడుపుతానంటున్నాడు. తండ్రి మా గదిలో ముక్కాలిపీట మీద కూర్చొని, చాయ తాగి, గోడల మీది అట్టలను కాసేపు చూసి, వీళ్లు వాయించేది నిజంగ పాటేనా అని మా ఓనరును అడిగాడు. ఆయన గిరాకీ ముందు ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు గాని కన్నతండ్రి ముందు ఆడలేక, మా అక్కను అడుగు అని నా మీదికి తోశాడు.

"పాటే అన్నా" అన్నాను. "మాటలు లేవు, గంతే." వినమని హెడ్‌ఫోను ఇవ్వబోయాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"చెవులకు తగిలిచ్చుకోని ఒక్కన్నే వింటే నాకేం తెలుస్తది చెల్లె? నలుగురిల విన్నదే పాట. ధూంధాంల పాట మంచిగుంటే ఏమైతది, జనం లేస్తరు. నాకు తెలిసిన లెక్క గదొక్కటే." కొడుకు వైపు తిరిగాడు. "నీ పాటకు జనం లేస్తే నీ ఇష్టం. హైదరాబాదే పో, యాడికే పో, నేను అడ్డం రాను. లేవకపోతే సమ్మె అయిన తెల్లారి బాయికాడ ఉండాలె."

"సరే బాపు" అన్నాడు అబ్బాయి. "లేవకపోతే వస్త."

ఆ ఒప్పందానికి మేమే సాక్షులం. నాకు లోపల గుబులుగానే ఉంది. వాళ్ల పాట మనిషిని లేపే పాట కాదు, ఉన్నచోట కూర్చోబెట్టే పాట. కాని రెండో భాగం వచ్చినప్పుడు డోలు మోగినట్టు మోగుతుందనీ, అప్పుడు లేవకుండా ఎవరూ ఉండలేరనీ డ్రమ్ము అబ్బాయి ధీమాగా చెప్పాడు. గిటారు అబ్బాయి ఆశ అంతా ఆ రెండో భాగం మీదే.

మానుకోటలో వంటావార్పుకు మైకులు మావే. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని, అక్కడే తిని, రోడ్డును కదలనియ్యకుండా చేసే నిరసన అది. మా ఓనరు ఆ సభ నడిపే పంతులును పట్టుకొని, ముగ్గురు పిల్లలకు పాటల నడుమ కొంత సమయం ఇప్పించాడు. పంతులు ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, ఆ సమ్మె రోజుల్లో అరిచి అరిచి గొంతు ఒరుసుకుపోయింది. మాటలుండయా అని ఒకటికి రెండుసార్లు అడిగి, మా ఓనరు మొహం చూసి ఒప్పుకున్నాడు.

ఇక్కడ మీకు ఒక పద్ధతి గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ రోజుల్లో ఏ సభ అయినా, చిన్నదైనా పెద్దదైనా, అమరులను తలుచుకోవడంతోనే మొదలయ్యేది. అందరూ లేచి తలలు వంచి మౌనంగా నిలబడేవారు. తర్వాత జోహార్లు. ఉద్యమం కోసం ప్రాణం విడిచిన పిల్లల తల్లిదండ్రులు ఉంటే వాళ్లకు ముందు వరుసలో కుర్చీలు. ఇది ఎన్నిసార్లు చేశామంటే మా కాళ్లకు అలవాటైపోయింది. మైకు మూగబోయి, ముందు వరుస లేచిందంటే, ఎందుకని ఎవరూ అడగరు. అందరం లేస్తాం.

ఆ రోజు కూడా పొద్దున్నే ఆ మౌనం అయిపోయింది. వంట అయింది, తిన్నారు. లారీ పక్కలకుండే డాలా తలుపులు దించి దాన్నే స్టేజీ చేశారు. నా మిక్సరు బల్ల లారీకి ఒక పక్కన. పొయ్యిల పొగ ఇంకా తెరలు తెరలుగా వస్తోంది. గజ్జెలు కట్టిన పాటగాళ్లు జనాన్ని ఊపి దిగిపోయాక పంతులు ఈ ముగ్గురినీ పిలిచాడు. భూపాలపల్లి తండ్రి జనం నడుమ, కరెంటు స్తంభం దగ్గర, ఎర్ర తువ్వాల భుజాన వేసుకొని కూర్చున్నాడు. నేను మిక్సరు మీద చేయి పెట్టి, ఈ పిల్లల మానం కాపాడు ప్రభువా అనుకున్నాను.

కూత మొదలైంది. కొంతసేపు జనం పట్టించుకోలేదు. ఇంకా మైకు టెస్టింగే చేస్తుండ్రా అని ఒకాయన వెనకనుంచి అడిగాడు. శృతి చేసుకుంటుండ్రు, జర ఆగరాదు అని పక్కాయన. గింత సేపు శృతి చేసుకుంటే పాడేదెప్పుడు, మనం ఇంటికి పోయేదెప్పుడు అని మొదటాయన. చుట్టూ నవ్వులు. మా ఓనరు తల పట్టుకున్నాడు. తర్వాత, ఎప్పుడని చెప్పలేను, ఆ నవ్వులు ఆగిపోయాయి. గిన్నెలు తోముతున్న ఆడవాళ్లు చేతులు ఆపారు. పిల్లలను ఊరుకోమనే గొంతులు కూడా తగ్గాయి. పొగలోనుంచి ఆ కూత రోడ్డు మీదుగా పోతోంది. మా గదిలో అది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, కాని ఆరుబయట అది వేరే సంగతి. దానికి కావలసిన జాగా అక్కడ దొరికింది.

ముందు వరుసలో అద్దాల రవిక తొడుక్కున్న ఒక లంబాడి తల్లి కుర్చీలోంచి లేవడం చూశాను. పొగ కళ్లల్లో పడిందేమో, జరిగి కూర్చుంటుందేమో అనుకున్నాను. గిటారు సన్నబడే చోటు దగ్గరికొచ్చింది, నా చూపు మిక్సరు మీదికి పోయింది. అక్కడ ఏమరితే ఆ చివరి చప్పుడు గాలికే పోతుంది. దాన్ని మెల్లగా పట్టుకొని, మెల్లగా వదిలాను. నిశ్శబ్దం వచ్చింది.

తల ఎత్తేసరికి జనమంతా నిలబడి ఉన్నారు.

మొదటి వరుస, దాని వెనక వరుస, రోడ్డు పొడవునా, పొయ్యిల దగ్గర ఉన్నవాళ్లు కూడా. తలలు వంచుకొని, చేతులు కట్టుకొని. పంతులు స్టేజీ మూల నిలబడి కళ్లు మూసుకున్నాడు. అమరులకు మౌనమని వాళ్లు అనుకున్నారు. లారీ మీద డ్రమ్ము అబ్బాయి రెండు కర్రలు పైకెత్తి, గోడ కూల్చడానికి సిద్ధంగా ఉన్నాడు. గిటారు అబ్బాయి ఆ తలలను చూశాడు. తీగల మీది చేతిని తీసి, డ్రమ్ముల వైపు అరచెయ్యి చూపించాడు. వద్దు అని.

కర్రలు మెల్లగా దిగాయి. ఆ మౌనం ఎంతసేపు ఉందో నాకు తెలియదు. మందిరం బయట నేను విన్న మౌనాల్లో అంత నిండుది ఇంకొకటి లేదు. ఎవరో జోహార్ అమరవీరులకు అన్నారు. రోడ్డంతా జోహార్ జోహార్ అంది. పంతులు కళ్లు తుడుచుకుంటూ వచ్చి మైకు అందుకొని, మాట లేకుండా అమరులకు నివాళి ఇచ్చిన తమ్ముళ్లకు, చెల్లెకు దండాలు అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ వెంటనే గజ్జెల పాటగాళ్లు ఎక్కారు. ముగ్గురూ వైర్లు చుట్టుకొని దిగిపోయారు. అయిపోయింది.

లారీ వెనక డ్రమ్ము అబ్బాయికి కోపం ఆగలేదు. ఒక్క దెబ్బ కొట్టనిస్తే ఏమైతుండె, ఇన్నాళ్లు చేసిందంతా దాని కోసమే గద అన్నాడు. తల వంచుకోని నిలబడ్డోళ్ల మీద ఎట్ల కొడతంరా అన్నాడు గిటారు అబ్బాయి. కీబోర్డు అమ్మాయి ఒకసారి వీళ్లను, ఒకసారి వాళ్లను చూస్తోంది. అప్పుడు జనాన్ని తోసుకుంటూ తండ్రి వచ్చాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఆ మొహం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. అంత సంబరం, దాన్ని బయటపెట్టడం రాని మొహం.

"లేచిండ్రు గదరా" అన్నాడు. "ఒక్కడు కూసున్నోడు లేడు. మాటంటే మాటే. నీ ఇష్టం ఇగ."

మా ఓనరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆ అబ్బాయి కూడా ఊరుకుంటే సరిపోయేది. తండ్రి తనంతట తానే ఇచ్చాడు, వీళ్లు అడిగి తీసుకున్నది కాదు.

"మాకు కాదు బాపు" అన్నాడు అబ్బాయి. "అమరులకు లేచిండ్రు. మా పాట సగమే అయింది."

తండ్రికి సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు. రెండోసారి చెప్పడం ఆ పిల్లవాడికి ఎంత కష్టమైందో నేను పక్కనే ఉండి చూశాను.

"ఎవలకు లేస్తేంది, లేచిండ్రు గద" అన్నాడు తండ్రి, గొంతు తగ్గించి.

"అట్ల కాదు బాపు. ఆళ్లది నేను తీసుకోను. బాయికి వస్త."

సమ్మె ముగిసింది. అతను బాయికి పోయాడు. కొన్నాళ్లకు కీబోర్డు అమ్మాయికి హైదరాబాదులో నర్సు ఉద్యోగం దొరికింది, వెళ్లే ముందు వచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్చింది. డ్రమ్ము అబ్బాయి పెళ్లి బ్యాండుల్లో చేరాడు. అతన్ని అక్కడ మూగోడు అని పిలిచేవాళ్లు లేరని మా ఓనరు చాలా రోజులు బాధపడ్డాడు. మిషన్లో వాళ్ల సగం పాట ఉండిపోయింది. రాష్ట్రం వచ్చింది. దేవునికి ఎన్ని స్తోత్రాలు చెల్లించినా తక్కువే. వచ్చిన రోజు మా గదిలోనూ రంగులు చల్లుకున్నాం, మిఠాయిలు తిన్నాం. రాత్రికి ఇంటికి పోయి మంచం మీద పడుకుంటే ఎందుకో ఆ ఎత్తిన కర్రలు గుర్తొచ్చాయి. కొన్నేళ్లకు ఫోన్లు మా పనిని తినేశాయి. ఓనరు గది మూసి, మళ్లీ మైకుల కిరాయికే పోయాడు. నేను డోర్నకల్ చేరుకున్నాను.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. ఎవరి తప్పూ లేని నష్టాలు అందరి బతుకుల్లోనూ ఉంటాయి, వాటిని రాసి మిమ్మల్ని కూర్చోబెట్టడం ఎందుకు. కాని మొన్నటి ఎండకాలం ముందు ఒక పొద్దున మా స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. ఖమ్మం బండి ఆలస్యం. మిరపకాయలు ఏరే పనికి ఖమ్మం వైపు పోయే ఆడవాళ్లు మూటలతో ఆటో దిగి వచ్చి, నా పక్కన చోటు చూసుకున్నారు. వాళ్లలో పెద్దామె నన్ను అదే పనిగా చూసి, నువ్వు మానుకోటల డబ్బా ముంగట కూసున్నదానివి గద అని అడిగింది. డబ్బా అంటే మిక్సరు. ఆ పనిలో ఆడమనిషిని ఆమె అంతకుముందు గాని తర్వాత గాని చూడలేదట, అందుకే మరిచిపోలేదట. అప్పుడు నేనూ గుర్తుపట్టాను. ముందు వరుస, అద్దాల రవిక. ఆమె పెద్దకొడుకు ఉద్యమంలో ప్రాణం విడిచాడు.

ఆ రోజు ముచ్చట్లు చెప్పుకుంటూ, అందరికంటే ముందు మీరే లేచారు గదమ్మా, అమరుల మౌనమని పంతులు సైగ చేశాడా అని మామూలుగానే అడిగాను. ఆమె లేదంది. ఎవరూ ఏమీ చెప్పలేదంది. పొద్దున మౌనం అయిపోయిందని ఆమెకు తెలుసట.

"గా పిలగాడు కూత పెట్టిండు సూడు. దూరంకెల్లి ఎవలో ఇంటికి వస్తున్నట్టు అనిపిచ్చింది. ఇంటికొచ్చేటోళ్లు కానొస్తుంటే కూసోని ఉంటమా అక్కా? లేచిన."

తర్వాత వెనక్కి తిరిగి చూస్తే అందరూ లేచి ఉన్నారట. ఎందుకు లేచారో ఆమెకు అర్థం కాలేదట. నా కోసమే లేచిండ్రు కావచ్చు, పాపం అనుకుందట. ఇంకా వాయిస్తరేమో అని చూసిన, వాయించలె అంది.

అప్పటిదాకా నాకు తెలియకుండా లోపలెక్కడో ముడిపడి ఉన్న సంగతి విడిపోయింది. ఆమె పాటకే లేచింది. చప్పుడు ఇంకా ఉండగానే లేచింది, నేను నా కళ్లతో చూసి పొగ అనుకున్నాను. ఆమెను చూసి పంతులు లేచి ఉంటాడు. పంతులును చూసి రోడ్డంతా లేచింది. అంతమందిలో ఒక్కరమైనా ఆ సాయంత్రమే ఆమె దగ్గరికి పోయి, ఎందుకు లేచావమ్మా అని అడిగి ఉంటే సరిపోయేది. కాని కొడుకును పోగొట్టుకున్న తల్లిని అట్లా ఎవరడుగుతారు. మా మర్యాదే మమ్మల్ని అడగనివ్వలేదు. ఆ మర్యాద తప్పని ఇప్పటికీ అనలేను. అదే నా బాధ.

ఆమె బండి వచ్చింది. ఆలస్యంగా నడిచినందుకు ఆ బండికి, అదే బెంచీ మీద చోటు చూసుకున్నందుకు ఆమెకు దండం పెట్టుకున్నాను. ఆ వారంలోనే భూపాలపల్లి బస్సెక్కాను. మోకాళ్లు వద్దన్నాయి గాని, ఇట్లాంటి మాట ఫోనులో చెప్పేది కాదనిపించింది.

గని గేటు ఎదురుగా చాయ హోటల్లో కలిశాడు. షిఫ్టుకు ఇంకా కొంత టైముంది. ఒళ్లు చేశాడు, చెవుల దగ్గర నెరిసింది. అక్కా అని పిలిచిన తీరు మాత్రం మారలేదు. పిల్లల చదువులు, ఇల్లు, మోకాళ్లు, అన్నీ మాట్లాడుకున్నాం. తర్వాత స్టేషన్లో ఆ తల్లి చెప్పింది చెప్పినట్టు చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

"ఎప్పుడు లేచింది?" అని అడిగాడు. "ఆపినంకనా, ఆపకముందా?"

"ఆపకముందే. నువ్వు వాయిస్తుండంగనే."

"నువ్వు చూసినవా?"

"చూసిన. కని అప్పుడు తెల్వలే."

చాయ గ్లాసును బల్ల మీద అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మా బాపుకు చెప్పాలె అన్నాడు. ఆయనకు ఇప్పుడు అసలే వినపడదక్కా అని కూడా అన్నాడు. ఏదైనా సైగలతోనేనట. దీన్ని సైగలతో ఎట్లా చెప్పాలో మా ఇద్దరికీ తోచలేదు. జనం లేచారని చెయ్యెత్తి చూపించొచ్చు. అది ఆయన ఆనాడే చూశాడు, ఆనాడే నమ్మాడు.

అతని చేతులు బల్ల మీద కదలడం మొదలుపెట్టాయి. నాకు వెంటనే తెలిసింది. కర్రలు లేకుండా ఒట్టి అరచేతుల దరువు, దాని మీద గొంతులోనే సన్నగా ఆ కూత. హోటలువాడు ఒకసారి చూసి తన పనిలో పడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను. సన్నబడే చోటు వచ్చింది, సన్నబడింది. ఆగింది. ఆ మీదిది నేను ఎన్నడూ వినలేదని అతనికి తెలుసు. ఎదురుచూశాను.

బాయి సైరన్ కూసింది. అతను లేచాడు.